శుక్రవారం ఎవరిది?

ప్రశ్న: నాకు ఇరవై ఏళ్లు. పదకొండేళ్ల వయసులో అమ్మానాన్నలతో ఇంగ్లండ్ వచ్చాను. 2024 సెప్టెంబరులో ఒక పెద్ద బ్యాంకు టెక్నాలజీ విభాగంలో డిగ్రీ అప్రెంటిస్‌గా, అంటే ఉద్యోగం చేస్తూనే యూనివర్సిటీ డిగ్రీ చదివే పద్ధతిలో, చేరాను. కోర్సు పేరు డిజిటల్ అండ్ టెక్నాలజీ సొల్యూషన్స్, నాలుగేళ్లు. నాలుగు రోజులు ఆఫీసు, శుక్రవారం చదువు అని చెప్పి చేర్చుకున్నారు. మొదటి ఏడాది బాగానే నడిచింది. రెండో ఏడాది టీమ్ మారింది. ఇప్పుడు శుక్రవారం ఉదయం ల్యాప్‌టాప్ తెరవగానే ఏదో ఒక పని వచ్చి పడుతుంది. కాదనలేను, టీమ్‌లో అందరికన్నా చిన్నదాన్ని నేనే. అసైన్‌మెంట్లన్నీ రాత్రి పదకొండు దాటాకే. గత నెల ఒకటి ఆలస్యంగా ఇచ్చి, బొటాబొటి మార్కులతో గట్టెక్కాను. స్కూలు స్నేహితులంతా యూనివర్సిటీ హాస్టళ్లలో ఉన్నారు. వాళ్ల ఫోటోలు చూస్తే ఏడుపొస్తుంది. నాన్న మొదటి నుంచీ ఇది అసలు డిగ్రీ కాదంటారు. ఫీజు కంపెనీ కడుతోందంటే ఎక్కడో బాండు ఉండే ఉంటుందని ఆయన అనుమానం. మానేసి మామూలు యూనివర్సిటీలో చేరమంటున్నారు. పెద్దనాన్న ఫోన్ చేసినప్పుడల్లా “ఏ కాలేజీ అమ్మా?” అని అడుగుతారు. ఏం చెప్పాలో తోచదు. మానేయనా?

— ఒక అప్రెంటిస్, బర్మింగ్‌హామ్

సమాధానం:

నువ్వు నా కూతురి కన్నా చిన్నదానివి. అందుకని ఈ శీర్షికలో అలవాటైన ‘మీరు’ను ఈ ఒక్కసారికి పక్కన పెడుతున్నాను, ఏమీ అనుకోకు.

మానేయవద్దు. కనీసం ఇప్పుడే మానేయవద్దు. నిద్ర లేని మనిషి తీసుకోవలసిన నిర్ణయం కాదిది. నీ ఉత్తరంలో శుక్రవారం ఉంది, నాన్న ఉన్నారు, స్నేహితులున్నారు, పెద్దనాన్న ఫోనూ ఉంది. అన్నీ ఒకే ముడిగా బిగుసుకుని కనబడుతున్నాయి నీకు. ముందు శుక్రవారాన్ని విడదీద్దాం. అది చేతికొస్తే మిగతావి ఎంతవో అంతే కనబడతాయి.

నీ మేనేజర్ గురించి నాకెలా తెలుసంటే, ఒకప్పుడు ఆ మేనేజర్‌ని నేనే. ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడి పెద్ద కంపెనీల్లో సాఫ్ట్‌వేర్ పని చేశాను. చివరి కొన్నేళ్లలో నలుగురు అప్రెంటిస్‌లు నా టీమ్‌లో ఉన్నారు. మొదటి కుర్రాడికి పందొమ్మిదేళ్లు. అతని శుక్రవారాలను మింగింది నేనే. మా రిలీజులు, అంటే సాఫ్ట్‌వేర్‌లో చేసిన మార్పులను వాడుకలోకి తేవడం, గురువారం రాత్రి జరిగేవి. తెల్లారేసరికి ఏదో ఒకటి చెడి కూర్చునేది. “ఒక్క పావుగంట, ఈ లాగ్ చూసి పెట్టవా?” అని అతనికి మెసేజ్ పెట్టేదాన్ని. (లాగ్ అంటే ప్రోగ్రామ్ తాను చేసిన పనిని తనే రాసుకునే చిట్టా.) ఆ పావుగంట మధ్యాహ్నం రెండింటికి తేలేది. ఏనాడూ కాదనలేదు. పైగా జవాబులో నవ్వు బొమ్మ పెట్టేవాడు. ఆ బొమ్మను నేను నమ్మాను.

మూడు నెలలకోసారి జరిగే సమీక్ష రోజున యూనివర్సిటీ నుంచి వచ్చిన స్కిల్స్ కోచ్ తన ల్యాప్‌టాప్‌ను నా వైపు తిప్పింది. అప్రెంటిస్ తన చదువు గంటలు నమోదు చేసే పట్టిక అది. వరసగా ఆరు శుక్రవారాలు, ఆరు గడుల్లోనూ సున్నా. ఏడో గడిలో ఒకటిన్నర. “ఆ గంటన్నర ఎక్కడ దొరికింది?” అని అడిగింది. “పళ్ల డాక్టరు దగ్గరికని సెలవు పెట్టాను. అక్కడ కూర్చుని చదువుకున్నాను” అన్నాడు, మెల్లగా, నా ముఖం చూడకుండా.

అప్పటిదాకా నాకు తెలియదంటే నమ్ముతావా? నిజంగా తెలియదు. అతను ఇబ్బంది పడుతున్నాడని నాకు చెప్పేది ఏదీ నా కళ్ల ముందు లేదు. పని అవుతోంది, కుర్రాడు నవ్వుతున్నాడు, అంతే. నీ మేనేజర్ కూడా దుర్మార్గుడు అయ్యుంటాడని నేననుకోను. కొత్త టీమ్ అంటున్నావు కదా, అసలు నీ ఒప్పందం ఏమిటో ఆయన ఎప్పుడూ చదివి ఉండకపోవచ్చు.

ఆ ఒప్పందం తీసి నువ్వు కూడా ఒకసారి చదువు. చేరేటప్పుడు నువ్వు, కంపెనీ, యూనివర్సిటీ ముగ్గురూ సంతకం పెట్టిన ట్రైనింగ్ ప్లాన్ అనే పత్రం ఉంటుంది. చేరిన వారంలో వచ్చిన ముప్పై కాగితాల మధ్య అదీ కలిసిపోయి ఉంటుంది, వెతుకు. అందులో కోర్సు మొత్తానికి ‘ఆఫ్ ద జాబ్’ శిక్షణ, అంటే రోజువారీ పని పక్కన పెట్టి నేర్చుకునే సమయం, ఎన్ని గంటలో అంకెతో సహా రాసి ఉంటుంది. నువ్వు చేరిన నాటికి ఇంగ్లండ్‌లో ఉన్న నియమం ప్రకారం, వారానికి 30 గంటలు గానీ అంతకు మించి గానీ పనిచేసే అప్రెంటిస్‌కు సగటున వారానికి కనీసం 6 గంటలు ఇలా దక్కాలి. అదీ జీతం ఇచ్చే పనివేళల్లోనే. నువ్వు ఒప్పుకుని సాయంత్రమో శనివారమో చదివితే, దానికి పరిహారం దక్కాలి, ఉదాహరణకు అంత సమయాన్ని పనిదినాల్లో నీకు తిరిగి ఇవ్వడం.

ఇందులో ఒక మెలిక ఉంది, అది నీ మేనేజర్‌కు అనుకూలంగా ఉంటుంది. లెక్క సగటు మీద. ఒక శుక్రవారం పోయినంత మాత్రాన నియమం తప్పినట్టు కాదు. నెలాఖరు హడావుడిలో ఒకటి వదులుకుని, తర్వాతి వారం రెండు పూటలు తీసుకోవచ్చు. కాబట్టి ‘శుక్రవారం నన్ను ముట్టుకోవద్దు’ అని గోడ కట్టకు. ‘పోయిన శుక్రవారానికి బదులు ఏ రోజు?’ అని అడుగు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా తప్పించుకోవడం ఎవరికైనా కష్టం.

నీ పట్టికలో ఏం రాస్తున్నావో నాకు తెలియదు గానీ, చాలామంది చేసే పని ఒకటి తెలుసు. ఎవరికీ ఇబ్బంది కలగకూడదని, అన్ని గడుల్లోనూ బుద్ధిగా ఆరు, ఏడున్నర అని నింపేస్తారు. కోచ్ సంతోషిస్తుంది, మేనేజర్ సంతోషిస్తాడు, కంపెనీ నివేదికలో ఆకుపచ్చ రంగు వెలుగుతుంది. రాత్రి పదకొండింటికి కూర్చునేది మాత్రం నువ్వు. అలా నింపి ఉంటే ఈ వారం నుంచి ఆపేయి. నా దగ్గరున్న కుర్రాడిని కాపాడింది ఆ ఆరు సున్నాలే. నువ్వు పెట్టే సున్నా ఫిర్యాదేమీ కాదు, లెక్క. ఆ గంటలు యూనివర్సిటీ ఆధారాలతో చూపవలసినవి, అందుకే సున్నాలు వరసగా కనబడితే అక్కడి వాళ్లు ఊరుకోరు. నీ బదులు వాళ్లు మాట్లాడతారు.

ఇప్పుడు ఇంకో లెక్క. ఇది కోర్సులో చేరేటప్పుడు ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ఇంగ్లండ్‌లో ఆనర్స్ డిగ్రీ అంటే 360 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు 10 గంటల శ్రమ అని అంచనా. నీది నాలుగేళ్ల కోర్సు కాబట్టి ఏడాదికి సుమారు 90 క్రెడిట్లు, అంటే 900 గంటలు. సెలవులు తీసేస్తే ఏడాదికి 46 వారాలు మిగులుతాయనుకో. వారానికి దాదాపు ఇరవై గంటలు పడతాయి. శుక్రవారం మొత్తం నీదే అయినా ఏడున్నర గంటలు. మిగతా పన్నెండు ఎక్కడి నుంచి రావాలి?

రాత్రుల్లోంచి అని నువ్వు అనుకుంటున్నావు. ఆ దారిలో నాలుగేళ్లు ఎవరూ నడవలేరు. ఈ కోర్సును తయారు చేసినవాళ్లు అనుకున్నది వేరు. ఆ పన్నెండులో ఎక్కువ భాగం సోమవారం నుంచి గురువారం దాకా నువ్వు చేసే పనిలోంచే రావాలి. ఆఫీసు పని, అసైన్‌మెంటు రెండూ వేర్వేరు అయినంత కాలం నువ్వు ఓడిపోతూనే ఉంటావు. అవి ఒకటైన రోజున ఊపిరి ఆడుతుంది.

ఇదెలాగో నా రెండో అప్రెంటిస్ నాకు నేర్పింది. ఆమెకు డేటా విశ్లేషణ అనే పాఠ్యాంశం ఉండేది. యూనివర్సిటీ వాళ్లు నమూనాగా ఏదో సైకిళ్ల అద్దె డేటా ఇచ్చారు. దాన్ని పట్టుకుని ఇంట్లో రాత్రుళ్లు కుస్తీ పడుతూ, పగలు మా దగ్గర రాత్రిపూట నడిచే ఒక ప్రోగ్రామ్ ఎందుకు ఆగిపోతోందో వెతికేది. ఆ ప్రోగ్రామ్ వారానికి రెండుసార్లు చచ్చేది. ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి మళ్లీ నడిపేవారు, కారణం ఎవరూ రాసిపెట్టేవారు కాదు. ఒకరోజు వచ్చి అడిగింది: “సైకిళ్ల బదులు ఈ ఆగిపోవడాల మీద అసైన్‌మెంటు చేయనా? మా లెక్చరర్ సరేనన్నారు.” ఆరు నెలల లాగ్‌లు తీసింది. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఫైలు ఎంత పెద్దదిగా ఉన్నప్పుడు ఆగుతోందో గీతలు గీసి చూపించింది. నెల మొదటి పనిదినాన ఇంకో విభాగం నుంచి ఫైలు ఆలస్యంగా వస్తోందనీ, మా ప్రోగ్రామ్ దానికోసం ఆగకుండా ఖాళీ ఫైలుతో మొదలవుతోందనీ తేలింది. సరిచేయడానికి పట్టింది పది వరసల కోడ్. దాని కోసం ఆమె వెచ్చించిన పగళ్లను ఎవరూ ప్రశ్నించలేదు, ఎందుకంటే రాత్రుళ్లు లేచే బాధ తప్పింది మాకే. ఆ అసైన్‌మెంటుకు వచ్చిన మార్కులు ఎన్నో గుర్తులేదు గానీ, సైకిళ్లకు వచ్చేవాటి కన్నా ఎక్కువేనని గట్టిగా చెప్పగలను.

నువ్వు బ్యాంకులో ఉన్నావు కాబట్టి ఒక జాగ్రత్త. ఖాతాదారుల వివరాలు, సిస్టమ్‌ల అసలు పేర్లు, భద్రతకు సంబంధించినవి ఏవీ అసైన్‌మెంటులోకి వెళ్లకూడదు. పేర్లు మార్చి, అంకెలు మార్చి, మేనేజర్‌కు చూపించి, ఆయన సరేనన్నాక మాత్రమే యూనివర్సిటీకి పంపు. ఆయన ‘సరే’ ఈమెయిల్‌లో ఉండేలా చూసుకో.

ఈ పద్ధతిలో దాగున్న లాభం మరొకటి ఉంది. కోర్సు చివర్లో నీకు తుది మదింపు ఉంటుంది: పనిచోట నిజంగా చేసిన ప్రాజెక్టు మీద నివేదిక, ప్రజెంటేషన్, ప్రశ్నలు, ఆపైన నీ పోర్ట్‌ఫోలియో, అంటే నువ్వు చేసిన పనుల ఆధారాల ఫైలు, ముందు పెట్టుకుని జరిపే సంభాషణ. పోర్ట్‌ఫోలియో అంటే ఆఖరి ఆరు నెలల్లో పాత ఈమెయిళ్లు తవ్వి అతికించేది కాదు, అయినా దాదాపు అందరూ అలాగే చేస్తారు. చిన్న పని పూర్తయినప్పుడల్లా నాలుగు వాక్యాలు రాసి పెట్టుకో: ఏం చెడింది, నువ్వేం చూశావు, ఏం మార్చావు, ఎవరిని అడిగావు. ఆ నాలుగో వాక్యం మరచిపోకు. అడిగి నేర్చుకున్నట్టు చూపించడం తక్కువతనమని మనవాళ్లకు ఒక భ్రమ. మదింపు చేసేవాళ్లు దాన్ని మెచ్చుకుంటారు.

ఇక నాన్న సంగతి. ఆయన మీద కోప్పడకు. ‘కంపెనీ డబ్బు కట్టి చదివిస్తుంది’ అనగానే ‘బాండు’ అనే మాట ఆయన నోట ఎందుకొచ్చిందో నాకు అర్థమవుతుంది. మనవైపు ఐటీ కంపెనీల్లో బాండు మీద సంతకం పెట్టి, సర్టిఫికెట్లు అప్పగించి చేరిన తరం మాది. ఉచితం అన్న చోట ఉచ్చు వెతకడం మాకు అలవాటు. అందుకని ఆయనకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో చెప్పు. 2017 ఏప్రిల్ నుంచి బ్రిటన్‌లో ఏడాదికి 30 లక్షల పౌండ్లకు మించి జీతాలు చెల్లించే ప్రతి యజమానీ, జీతాల మొత్తం మీద 0.5 శాతం లెక్కన అప్రెంటిస్‌షిప్ లెవీ అనే పన్ను కడతారు. ఇంగ్లండ్‌లో ఆ సొమ్ము కంపెనీ పేరు మీద ఒక ఖాతాలో జమ అవుతుంది. దాన్ని శిక్షణకూ మదింపుకూ మాత్రమే వాడాలి, జీతాలకు వాడకూడదు. గడువులోగా వాడకపోతే పోతుంది. నీ బ్యాంకు ఎలాగూ కడుతున్న డబ్బే నీ ఫీజు. అందులో వాళ్ల దాతృత్వమూ లేదు, నాన్న భయపడే ఉచ్చూ లేదు. శిక్షణ ఖర్చును అప్రెంటిస్ నుంచి రాబట్టకూడదని ఈ డబ్బు వాడకానికి ప్రభుత్వం పెట్టిన నియమాల్లోనే ఉంది. మధ్యలో మానేసినా అంతే. కాకపోతే నీ ఉద్యోగ ఒప్పందంలో వేరే షరతులు, చేరేటప్పుడు ఇచ్చిన బోనస్ లాంటివి తిరిగి ఇవ్వాలన్న వాక్యాలు ఉన్నాయేమో చదువుకో. అవి ఫీజు కిందికి రావు.

‘అసలు డిగ్రీ కాదు’ అన్నదానికి జవాబు ఇంకా తేలిక. నీకొచ్చేది బీఎస్సీ ఆనర్స్. అదే 360 క్రెడిట్లు, అదే యూనివర్సిటీ ముద్ర. తర్వాత మాస్టర్స్‌కు దరఖాస్తు చేసుకుంటే దాన్ని డిగ్రీగానే చూస్తారు. డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌లు 2015లో మొదలయ్యాయి, నీ కోర్సు ఆ తొలి వాటిలోనిదే. అంటే మీ నాన్నగారి తరానికి ఇది తెలిసే అవకాశమే లేదు. సమస్యంతా ఆ ‘అప్రెంటిస్’ అన్న మాటలో ఉంది. మనవాళ్ల చెవికి అది ఐటీఐ, రైల్వే వర్క్‌షాపు, నెలకింత స్టైపెండు. పెద్దనాన్న అడిగినప్పుడు ‘అప్రెంటిస్‌షిప్ చేస్తున్నాను’ అని మొదలుపెడితే ఆయనకు ఖాకీ బట్టలు, గ్రీజు చేతులు కనబడతాయి. (వాటిలో సిగ్గుపడవలసిందేమీ లేదు, నా మేనమామ అలాగే మొదలై ఇల్లంతా నిలబెట్టాడు. అది వేరే కథ.) యూనివర్సిటీ పేరు చెప్పు, బ్యాంకులో ఉద్యోగం కూడా ఉందని చెప్పు, అంతే. రెండూ నిజాలే. తర్వాతి ప్రశ్న జీతం గురించి వస్తుంది. దానికి జవాబు చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం.

అయితే అప్పు పేరు చెప్పి నాన్నను భయపెట్టకు. మామూలు యూనివర్సిటీ ఫీజు 2025-26లో ఏడాదికి 9,535 పౌండ్ల దాకా ఉంది, మూడేళ్లకు 28 వేలు దాటుతుంది, ఉండటానికీ తినడానికీ అయ్యేది అదనం. వినడానికి భయంగానే ఉంటుంది. కానీ ఇక్కడి విద్యార్థి రుణం మన ఊళ్లో ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చే చదువు అప్పు లాంటిది కాదు. 2023 ఆగస్టు నుంచి చేరినవాళ్లకు ఏడాది సంపాదన 25 వేల పౌండ్లు దాటితే, ఆ దాటిన దాని మీదే 9 శాతం కోత పడుతుంది. 35 వేలు వస్తే నెలకు 75 పౌండ్లు. 40 ఏళ్లకు మిగిలింది కొట్టేస్తారు. అది అప్పు కన్నా పన్నుకు దగ్గర. నీకు నిజంగా వేరే చదువు కావాలని అనిపిస్తే, అప్పు భయంతో ఇక్కడే ఉండిపోనక్కరలేదని చెప్పడానికే ఇదంతా రాశాను.

స్నేహితుల విషయంలో నీకు తియ్యటి మాట ఏదీ చెప్పలేను. నువ్వు కోల్పోతున్నది నిజంగానే ఉంది. పద్దెనిమిదికీ ఇరవై ఒకటికీ మధ్య, పొద్దున ఎక్కడికీ పరుగెత్తనక్కరలేని రాత్రుల్లో కలిసే స్నేహాలు తర్వాత దొరకవు. చేతిలో జీతం ఉంది కదా అని ఎవరైనా ఓదారిస్తే చిరాకు పడు, తప్పులేదు. ఇలాంటి చోట ఉపయోగపడేవి చిన్న పనులే. నువ్వు యూనివర్సిటీలో నమోదైన విద్యార్థినివి, అక్కడి లైబ్రరీ, క్లబ్బులు నీవి కూడా. నెలకొక శుక్రవారమైనా ఇంటి దగ్గర కాకుండా అక్కడికి వెళ్లి చదువు. నీ కోర్సులో వేరే కంపెనీల నుంచి వచ్చే అప్రెంటిస్‌లు ఉంటే, వాళ్లలో ఒకరికైనా నీలాగే పదకొండు దాటాక ల్యాప్‌టాప్ వెలుగుతూ ఉంటుంది. అడిగి చూడు. నీ బాధ హాస్టల్ మిత్రుల కన్నా వాళ్లకు తొందరగా అర్థమవుతుంది.

మానేయడం ఎప్పుడు సరైనదో కూడా చెప్పాలి, లేకపోతే నేనూ మీ నాన్నలాగే ఒక పక్షం అవుతాను. రెండు సమీక్షల్లో, అంటే సుమారు ఆరు నెలల్లో, లెక్కలు చూపించి అడిగినా శుక్రవారాలు తిరిగి రాకపోతే కదలాల్సిందే. అప్పుడు కూడా ముందు అడగవలసింది కంపెనీలోనే వేరే టీమ్. పెద్ద కంపెనీ వల్ల ఉన్న నిజమైన సుఖం ఇదొక్కటే, అప్రెంటిస్‌లను చూసుకునే విభాగం విడిగా ఉంటుంది, మార్చడం వాళ్లకు కొత్త కాదు. కొత్త యజమాని సిద్ధంగా ఉంటే కోర్సు వదలకుండా కంపెనీ మారవచ్చు. ఆరోగ్యం దెబ్బతింటే ఉద్యోగంలో ఉంటూనే చదువుకు కొంతకాలం విరామం తీసుకునే ఏర్పాటుంది, కోచ్‌ను అడుగు. ఇవేవీ కుదరక బయటికొచ్చినా నువ్వు వట్టి చేతులతో రావు. సంపాదించిన క్రెడిట్లు నీవే. 120 పూర్తయితే సాధారణంగా ఉన్నత విద్య సర్టిఫికెట్ అన్న గుర్తింపు వస్తుంది. మరో యూనివర్సిటీ వాటిని లెక్కలోకి తీసుకుని రెండో ఏడాదిలో చేర్చుకోవచ్చు. తీసుకోవాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం కాబట్టి, రాజీనామా ఇచ్చాక కాదు, ముందే అడిగి రాతలో జవాబు తెచ్చుకో.

ఇంకో సందర్భం ఉంది. శుక్రవారాలు తిరిగొచ్చాయి, నిద్ర సరిపోతోంది, మార్కులు బాగున్నాయి, అయినా కోడ్ చూస్తే విసుగే. అప్పుడు మళ్లీ ఉత్తరం రాయి. నా సమాధానం వేరుగా ఉంటుంది.

ఈలోగా ఇండియా నుంచి ఈ శీర్షికకు తరచుగా వచ్చే ప్రశ్నకు ఇక్కడే ఒక మాట: ఇంగ్లండ్‌లో ఈ కోర్సు కోసం స్టూడెంట్ వీసా మీద రావచ్చా అంటే, కుదరదు. ఇది ఉద్యోగం. ఇక్కడ పనిచేసే హక్కు ఉండాలి, సాధారణంగా మూడేళ్ల నివాసం కూడా ఉండాలి. కుదురుస్తామని ఏ కన్సల్టెన్సీ అయినా డబ్బు అడిగితే లేచి వచ్చేయండి.

మళ్లీ నీ దగ్గరికి. సోమవారం చేయవలసింది రెండు పనులు. ఒకటి, క్యాలెండర్‌లో కోర్సు ముగిసేదాకా ప్రతి శుక్రవారాన్నీ ‘యూనివర్సిటీ’ అని నింపేయి. ‘చదువు’ అని పెడితే ఖాళీ అనుకుంటారు, ‘యూనివర్సిటీ’ అంటే నువ్వు అక్కడ లేవని అర్థమవుతుంది. రెండోది, మేనేజర్‌కు ఈమెయిల్. ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు నెలలు ఆగే రకానివని నీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది, కాబట్టి నేనే రాసి పెడుతున్నాను. ఇంగ్లిషులోకి నువ్వు మార్చుకో, క్షమాపణలు మాత్రం చేర్చకు:

“మీరు ఈ టీమ్‌లో నా మేనేజర్ అయ్యాక నా ట్రైనింగ్ ప్లాన్ గురించి మనం మాట్లాడుకోలేదు, అది జత చేస్తున్నాను. గత ఎనిమిది శుక్రవారాల్లో చదువుకు దక్కిన గంటలు కింద పట్టికలో ఉన్నాయి. తగ్గిన గంటలను ఏ రోజుల్లో భర్తీ చేసుకోవచ్చో ఈ వారం ఇరవై నిమిషాలు కూర్చుని చూద్దామా? వచ్చే అసైన్‌మెంటుకు మన టీమ్ సమస్య ఒకదాన్ని తీసుకోవాలని ఉంది. మనసులో రెండున్నాయి, మీకు ఏది ఉపయోగమో చెప్పండి.”

ఎనిమిది వరసల పట్టిక కింద పెట్టు. సున్నాలు సున్నాలుగానే ఉండనీ.